ఎత్తే పిల్ల ఎత్తు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ క్షేమం. బరువులెత్తే పోటీకి సంతకం పెట్టమని మీ హాస్టల్ నుంచి కాగితం వచ్చింది. పెట్టను. పద్నాలుగేళ్ళ పిల్ల బరువులెత్తితే ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. నన్ను చూడు. పన్నెండో ఏట నుంచి బట్టల బేళ్ళు మోశాను. ఇప్పటికీ కొక్కేనికున్న చొక్కా అందుకోవాలంటే స్టూలెక్కాలి. ఊరంతా పొట్టి టైలరనే పిలుస్తారు. నా కంఠంలో ప్రాణముండగా నిన్నలా పిలవనివ్వను.

ఇట్లు,
తాతయ్య

తా.క.: ముప్పై ఏళ్ళుగా నా మెడలో వేలాడిన టేపు పంపుతున్నాను. నేను కొత్తది కొనుక్కున్నాను. ఆ పాతదాంతో కొలుచుకుని రాయి. అది అబద్ధం చెప్పదు.

*

తాతయ్యకు నమస్కారాలు.

పోటీ ఇరవయ్యో తారీకున. సంతకం పెట్టేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. మొండితనం నీ దగ్గర నుంచే వచ్చింది. మా డాక్టరమ్మని అడిగాను. కోచ్ కళ్ళెదుట, సరైన పద్ధతిలో, వయసుకు తగ్గ బరువెత్తితే ఎదుగుదల ఆగదంది. తాహతుకు మించి ఎత్తి దెబ్బ తగిలించుకుంటేనే ప్రమాదమట.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: నిజం దాచను. మూడు నెలల కిందట కోచ్ దగ్గర చేరినరోజు గోడ స్కేలు మీద సరిగ్గా ఐదడుగులు. నిన్న నీ టేపుతో నాలుగడుగుల పదకొండంగుళాలు.

*

చిరంజీవికి ఆశీస్సులు, చీవాట్లు.

నే మొత్తుకోలేదూ? మూడు నెలలకే అంగుళం హరించుకుపోయింది! ఇలాగే పోతే పదో తరగతికల్లా నిన్ను జేబులో వేసుకు తిరగాలి. శనివారం వస్తున్నాను. పెట్టె సర్దుకో.

ఇట్లు,
తాతయ్య

తా.క.: ఇక్కడ మరో గోల. కొలతల పుస్తకం చూసి కుట్టినవన్నీ బిగుతని తిరిగొస్తున్నాయి. పోస్టుమాస్టరు ప్యాంటు చీలమండ పైకొచ్చింది. యాభై ఏడేళ్ళకి మనిషి పెరుగుతాడా? ఏం తింటున్నారండీ అని అడిగితే కొట్టబోయాడు.

*

తాతయ్యకు నమస్కారాలు.

పెట్టె సర్దను. ఒళ్ళుమండి నీ టేపుతో హాస్టలంతా కొలిచాను. వంటావిడ కూడా గోడ స్కేలు కంటే అంగుళం తక్కువొచ్చింది. ఆవిడ గరిటె తప్ప ఏమీ ఎత్తదు. వాచ్‌మనూ అంతే. ఆయన కుర్చీలోంచి తనని తానే ఎత్తుకోలేడు. అక్కడ ఊరంతా పెరుగుతోంది, ఇక్కడ హాస్టలంతా తరుగుతోంది. నాకేదో అనుమానంగా ఉంది. టేపు వెనక్కి పంపుతున్నాను. నీ కొత్త టేపు పక్కన పెట్టి చూడు.

ఇట్లు,
ఐదడుగుల మనవరాలు

తా.క.: నీ బేళ్ళ సంగతి డాక్టరమ్మకి చెప్పాను. ఆ వయసులో ఆయనకి కడుపునిండా తిండి దొరికిందా అని అడిగింది. దొరికిందా, తాతయ్యా?

*

బంగారుతల్లికి ఆశీస్సులు.

పక్కపక్కన పెట్టాను. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు లాగి లాగి టేపుని అంగుళం సాగదీశాను. పుస్తకంలో కొలతలు దానివి, కత్తిరించింది కొత్తదాంతో. పోస్టుమాస్టరు కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ, అంతగా బతిమాలాను.

తిండి దొరకలేదమ్మా. ఆ రోజుల్లో ఒంటిపూటే. అరవై ఏళ్ళుగా పాపం ఆ బేళ్ళని తిట్టుకున్నాను. నువ్వు మాత్రం మూడుపూటలా తిను, కోచ్ చెప్పినంతే ఎత్తు. సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది. శనివారం ప్రయాణం మానుకున్నాను. ఇరవయ్యో తారీకున వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను. ఎత్తు తల్లీ, ఎత్తు!

ఇట్లు,
తాతయ్య

తా.క.: కొత్త టేపుతో నన్ను నేను కొలుచుకున్నాను. ఇన్నాళ్ళూ ఐదడుగులే అనుకున్నాను. అంగుళం ఎక్కువే! ఊళ్ళో అందరికీ చెప్పాను. స్టూలు మాత్రం ఇంకా కావాలి.