ఓబన్న ఇంటి బోర్డు

మార్చి 4, బుధవారం

సింహాద్రిపురం దగ్గర మా ముత్తాత ఓబన్న కట్టిన రాతి ఇల్లు, బావి, నాలుగెకరాల చేను. మా మేనత్త ఏసమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. పాతకాలపు రైతు ఇల్లుగా దాన్ని కాపాడతామని హెరిటేజ్ వాళ్లు వస్తే మురిసిపోయాం. ఈరోజు బోర్డు పెట్టారు. 'హరిజన కుటుంబానికి పెద్దమనసుతో భూమిని దానం చేసినవారు' అని ఊరి పెద్ద రైతు నారాయణ వాళ్ల తాత పేరు. 'హరిజన' అన్న మాట ఇంకా వాడుతున్నారు! ఓబన్న పేరు ఎక్కడా లేదు.

దానమట. పదకొండేళ్లు ఓబన్న వాళ్లింట్లో జీతగాడిగా ఉండి, బయటపడి, సర్కారుకు దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్న గుట్ట నేల అది. రాయి రాయి ఏరింది మావాళ్లు.

మార్చి 6

హెరిటేజ్ ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. మంచి మాటే కదా మేడమ్, గొడవెందుకు అన్నాడు. నారాయణ అయితే, మా జేజినాయన ఇయ్యకుంటే మీరు యాడ ఉందురమ్మా అని నవ్వాడు. ప్రొద్దుటూరులో పిల్లలకు హిస్టరీ చెప్పేదాన్ని నేను. మా ఇంటి హిస్టరీ నాకు ఆయన చెబుతాడు.

మార్చి 9

తహసీల్దారు ఆఫీసులో రికార్డు లేదంటున్నారు. బీరువా తెరవకుండానే.

మార్చి 13, సాయంత్రం 5

నాలుగోసారి వెళ్తే దొరికింది. 1931 ఫైలు. భూమి ఓబన్న పేరు మీదే ఉంది. వెనకే ఇంకో కాగితం. 'ఈ భూమి వారికిచ్చిన యెడల మా పొలములలో కూలికి ఎవరు వచ్చెదరు?' కింద నారాయణ తాత సంతకం. ఇవ్వొద్దని అర్జీ పెట్టినవాడు దాత!

నకలు తెచ్చి అత్తకు చదివి వినిపించాను. ఆశ్చర్యపోలేదు. పైరు మీదికి రెండుసార్లు ఎద్దుల్ని తోలినారంట, మూడోసారి మా జేజి, ఓబన్న పెండ్లాం, కొడవలి పట్టుకోని గట్టు మీద కూర్చునిందంట అని చెప్పింది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. ఎవరడిగినారు పాపా అంది.

మార్చి 18

ప్రారంభోత్సవం. షామియానా, మైకు. అత్త తాళంచెవి కొంగున కట్టుకుని గడప మీద కూర్చుంది. లేవమ్మా అని ఆఫీసర్లు బతిమాలారు. ఆ కాగితం చదివినాకనే తలుపు తీస్తా అంది. నేను చదవబోతే ఆపింది. నారాయణ చేతికే ఇచ్చింది. ఊరంతా చూస్తోంది. ఆయన మొదలుపెట్టాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి కాగితం మడవబోయాడు.

"చదువప్పా. మీ జేజినాయన పేరే గదా," అంది అత్త.

చదివాడు. అత్త లేచి తలుపు తీసింది.

మార్చి 21

బోర్డు పీకేశారు. రెండు గుంతలు మిగిలాయి. ఒకదాంట్లో అత్త మునగ కొమ్మ నాటింది. కొత్త బోర్డుకు మాటలు నన్నే రాసివ్వమన్నారు. ఆరుసార్లు రాసి చించేశాను. నాకింకా కోపం తగ్గలేదు.