డ్రైవర్ గది

నవంబరు 22, శుక్రవారం. రాజమండ్రి

భీమవరంలో ఎనిమిదింటికి బయల్దేరాం. నేను, ఫణీంద్ర, అత్తయ్యగారు, మా పాప ప్రణతి. కారు నడిపేది పోతురాజు. ఆరేళ్లుగా మా ఇంట్లోనే పని. దారిలో పెనుగొండలో దర్శనం. రేపు సామర్లకోట. సోమవారం పట్టిసీమ చూసుకుని ఇంటికి.

కార్తీకమాసం, లాడ్జీలన్నీ ఫుల్. పైన మా నలుగురికీ ఒక గది, కింద మెట్ల పక్కన పోతురాజుకి ఒక చిన్న సింగిల్ రూమ్. ఇంత రద్దీలో డ్రైవర్‌కి గదేంటి, కార్లో పడుకోడా అన్నారు అత్తయ్యగారు. పొద్దున్నే మనందర్నీ మోసుకెళ్లేది అతనే కదమ్మా అన్నాడు ఫణీంద్ర.

మూడు రాత్రులు. ఇల్లు దాటితే నాకు నిద్ర పట్టదు. నా దిండు తెచ్చుకున్నాను, ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకున్నాను. చూడాలి.

నవంబరు 23, శనివారం. ఉదయం 5.40

ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అత్తయ్యగారి గురక ఇయర్‌ప్లగ్స్ దాటుకుని వస్తోంది. ప్రణతి డొక్కలో తన్నింది, రెండుసార్లు. కుడి కన్ను వెనక నొప్పి మొదలైంది. ఇది మైగ్రేన్‌లోకి దిగుతుందని నాకు తెలుసు.

సాయంత్రం 7

దిగింది. సామర్లకోట గుళ్లో లైన్లో నిలబడలేక బయట చెప్పుల స్టాండు దగ్గర కూలబడ్డాను. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన వాంతి. పోతురాజు కారు నీడకి తీసి, నీళ్ల బాటిల్ మూత తీసి ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంకో రాత్రి ఆ గదిలో గడపడం నా వల్ల కాదు. రిసెప్షన్‌లో అడిగాను. ఒక్క మంచం కూడా లేదన్నారు.

అప్పుడు చేసిన పని రాస్తున్నాను. పార్కింగ్‌లోకి వెళ్లి పోతురాజుని అడిగాను, నీ గది నాకిస్తావా, కార్లో పడుకోగలవా అని. ఆయ్, దానికేంటండి, నాకు అలవాటేనండి అన్నాడు. తాళం చేతిలో పెట్టేశాడు. సారు అడిగితే ధవళేశ్వరంలో మీ చుట్టాల ఇంట్లో పడుకుంటున్నానని చెప్పు అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూశాడు. అలాగేనండి అన్నాడు.

ఫణీంద్రకీ అదే చెప్పాను. పోతురాజు చుట్టాల ఇంటికెళ్తున్నాడట, గది ఖాళీ అని. మంచిదేగా, వెళ్లి పడుకో అన్నాడు.

నవంబరు 24, ఆదివారం

ఎనిమిది గంటలు. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. చిన్న గది, కిటికీ కూడా లేదు, చీకటి, నిశ్శబ్దం. బయటి ఊళ్లో ఇలా పడుకోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. తలనొప్పి లేదు. టిఫిన్‌కి రెండు అట్లు ఎక్కువే తిన్నాను.

బయటికొచ్చేసరికి పోతురాజు కారు తుడుస్తున్నాడు. మోచేతుల దాకా దోమకాట్లు. పడుకున్నావా అన్నాను. కాస్త దోమలండి, పర్లేదండి అన్నాడు. అద్దాలు దించితే దోమలు, ఎత్తితే ఉక్క. మస్కిటో కాయిల్ ప్యాకెట్ కొనిచ్చాను. అది కొనిచ్చాక మనసు తేలికపడింది. నిజంగానే తేలికపడింది, అబద్ధమెందుకు.

రేపు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. ఈ రాత్రి కూడా గది నాదే.

నవంబరు 25, సోమవారం. సాయంత్రం 6.15, ఆసుపత్రి

వరసగా రాస్తాను.

పట్టిసీమలో దర్శనం బాగానే అయింది. పడవ దిగి భోంచేసి ఒంటిగంటకి బయల్దేరాం. కొవ్వూరులో ఒక్క టీ తాగి వస్తానండి అన్నాడు పోతురాజు. ఇంటికెళ్లి తాగొచ్చులే, పొద్దుపోతుంది అన్నారు అత్తయ్యగారు. నేనేమీ అనలేదు. ముందు సీట్లో ఫణీంద్ర ఫోన్ చూసుకుంటున్నాడు. పోతురాజు అద్దం దించుకుని చెంప మీద కొట్టుకోవడం చూశాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

నిడదవోలు దాటాక కాలవ గట్టు రోడ్డు. రేర్‌వ్యూ మిర్రర్‌లో అతని కళ్లు మూతపడి ఉన్నాయి. పోతురాజూ అని అరిచాను. అప్పటికే కారు గట్టు దిగింది. కొబ్బరి చెట్టుకి కొట్టుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే కాలవే. డోర్ తీస్తే నా కాలి కింద రెండడుగుల నేల, ఆ తర్వాత నీళ్లు.

ప్రణతికి పెదవి చిట్లింది, రెండు కుట్లు. అత్తయ్యగారి ఎడమ మణికట్టు విరిగింది. పోతురాజుకి నుదురు పగిలింది. రక్తం కారుతూనే ప్రణతిని ఎత్తుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. పాపగారూ, పాపగారూ అంటున్నాడు. ఇంకేమీ అనడం లేదు.

నవంబరు 26, మంగళవారం

ఇంటికొచ్చాం. అత్తయ్యగారు నొప్పితో మూలుగుతున్నారు.

ఫణీంద్రని ఇలా ఎప్పుడూ చూడలేదు. రెండు రాత్రులు చుట్టాల ఇంట్లో తాగి తందనాలాడి వచ్చాడు, నా కూతుర్ని చంపబోయాడు అంటున్నాడు. రక్తపరీక్షలో మందు ఆనవాలు లేదని డాక్టర్ చెప్పాడు. అయితే పేకాట అన్నాడు ఫణీంద్ర. గది ఇచ్చాను, పడుకోమని గదిచ్చాను అని పదిసార్లు అన్నాడు. కంప్లయింట్ రాసిచ్చాడు. లైసెన్స్ పోయేదాకా వదలడట.

ఎస్సైగారు ఫోన్ చేస్తే స్పీకర్‌లో విన్నాను. రెండు రాత్రులూ ఎక్కడ పడుకున్నావని పోతురాజుని అడిగారట. ధవళేశ్వరంలో చుట్టాల ఇంట్లోనండి అన్నాడట.

నేను చెప్పమన్నదే చెప్పాడు.

నవంబరు 27, బుధవారం

చెప్పలేదు. మూడుసార్లు నోటిదాకా వచ్చింది.

నవంబరు 28, గురువారం

చెప్పాను.

స్టేట్‌మెంట్ మీద సంతకాలకి మా ఇద్దర్నీ స్టేషన్‌కి పిలిచారు. పోతురాజు బెంచీ మీద ఉన్నాడు, నుదుటికి కట్టు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆ చుట్టాల పేరేంటి, ఇల్లెక్కడ అని ఎస్సైగారు మళ్లీ అడుగుతున్నారు. పోతురాజు నేల చూస్తున్నాడు. చెప్పడానికి అతనికి పేరేదీ లేదు. ధవళేశ్వరంలో అతనికి ఎవరూ లేరు.

అతను కార్లో పడుకున్నాడండి, అతని గదిలో పడుకున్నది నేను, ఆ మాట చెప్పమన్నదీ నేనే అన్నాను. ఇంకోసారి చెప్పమన్నారు ఎస్సైగారు. ఇంకోసారి చెప్పాను. మొదటిసారి కంటే రెండోసారి కష్టమైంది, ఎందుకంటే అప్పటికి ఫణీంద్ర నా వైపు తిరిగాడు.

కంప్లయింట్ వెనక్కి తీసుకున్నాడు. యాక్సిడెంట్ కేసు ఎలాగూ ఉంటుంది, జరిమానాతో పోవచ్చన్నారు.

బయట మెట్ల మీద పోతురాజు నాతో అన్నాడు, ఎందుకు చెప్పారండి, అబద్ధం ఆడానని సారుకి తెలిసిపోయింది కదండి అని. కోపంగానే అన్నాడు. ఆరేళ్లలో మొదటిసారి.

ఆటోలో ఇంటికొచ్చాం. గేటు దగ్గర ఫణీంద్ర ఒక్క మాట అన్నాడు. నాకు చెప్పి ఉంటే నేను కార్లో పడుకునేవాణ్ణి కదా సత్యా.

నిజమే. పడుకునేవాడే. అందుకే చెప్పలేదు. కొడుకు కార్లో పడుకుంటే అత్తయ్యగారు నన్నేమంటారోనని.

నవంబరు 29, శుక్రవారం

అత్తయ్యగారికి అన్నం కలిపి పెడుతుంటే అడిగారు, నా గురక అంత గట్టిగా ఉంటుందా అమ్మా అని. ఏడుపొచ్చింది. కాదండి అన్నాను. వెంటనే ఇంకో అబద్ధం.

డిసెంబరు 2, సోమవారం

పోతురాజు పనిలోకి రావడం లేదు. రమ్మని ఫణీంద్ర కబురు చేశాడు. నుదురు తగ్గాక వస్తానన్నాడట. పాపాయి, అతని భార్య, ఫోన్లో చెప్పింది, ఆయన స్టీరింగ్ పట్టుకునేలా లేరండి, కళ్లు మూస్తే కాలవ కనబడుతోందంట, ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారండి అని.

వెళ్లాలి. ఏం మాట్లాడాలో తెలియదు. అయినా వెళ్లాలి.

డిసెంబరు 4, బుధవారం

ఉండిలో వాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం మూడు. పాపాయి గుమ్మంలోనే వేలు పెదవుల మీద పెట్టింది. ఇప్పుడే పట్టిందండి, తొమ్మిది రోజులకి అంది. లేపమంటారా అంది.

వద్దన్నాను.

ఆవిడ కుర్చీ వేసింది. ఇద్దరం మాట్లాడుకోకుండా గుమ్మం ముందు కూర్చున్నాం. వీధిలో ఐస్‌క్రీం బండివాడు హారన్ కొట్టుకుంటూ వస్తుంటే నేనే ఎదురెళ్లి ఆపాను.