నాకు అంచు నేర్పిన రాజన్న

గద్వాల, బుధవారం

పొద్దున మా నేతగాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే, రాజన్న పోయాడని ఆయన కూతురు పెట్టిన మెసేజి కనిపించింది. ఆయన ఉండే ఆత్మకూరు ఎంత దూరమని? అయినా మూడేళ్లలో ఒక్కసారీ ఆయన్ని చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు.

నేను మగ్గం ఎక్కిన కొత్తలో పట్టు అంచు ముడతలు పడేది. అత్తమ్మను అడగడానికి భయం. గ్రూపులో ఫొటో పెడితే కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. రాజన్న ఒక్కడే వాయిస్ పంపాడు: "పరేషాన్ గాకమ్మా. అంచు నాడెల దారం గట్టిగ గుంజుతున్నవ్. జర వదులు జెయ్."

ఆ రోజు నుంచి ప్రతి చీర అంచూ ముందు ఆయనకే చూపించాను.

ఇవాళ మగ్గం మీద చేయి ఆడలేదు. అత్తమ్మ వచ్చి అడిగింది. "ఏందే, మగ్గం ఆపినవ్? మనకేమన్న మైలనా? ఆయన మనకు ఏమైతడు?"

ఏ వరస చెప్పను? ఆ పాత వాయిస్సే వినిపించాను. అత్తమ్మ సగం నేసిన చీర అంచును బొటనవేలితో తడుముతూ నిలబడింది.

"నీ అంతల నువ్వే నేర్చుకున్నవనుకున్న," అంది. "నేను నేర్పాల్సింది గద..."

తర్వాత మగ్గం మీద బట్ట కప్పింది.

రేపు ఆత్మకూరు పోవాలని ఉంది. కానీ ఆ ఇంటి గడపలో నేనెవరని చెప్పుకోవాలి? ఇదే మాట అన్నం తినేటప్పుడు అత్తమ్మతో అన్నాను.

"ఆయన శిష్యురాలినని జెప్పు," అంది. "నేను గూడ వస్త. నువ్వు నేసిన మొదటి చీర కట్టుకుంట."