ఎడమ సీటు బెల్టు

నాయనా సూరిబాబూ,

నువ్వు పోయిన రోజు మళ్లీ వచ్చింది. చదవవని తెలిసినా, ఇంకెవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను.

పోయిన నెల తణుకులో మన షెడ్డుకి తుని నుంచి రాజుగారు రేసు కారు తెచ్చారు. బోల్తా పడినా మనిషి నలగకుండా లోపల ఇనుప పైపుల పంజరం కట్టమన్నారు. నీ కారుకి కట్టాలనుకున్నదే. పైపులు వచ్చేలోగానే నువ్వు కారు తీసుకెళ్లి బోల్తా పడ్డావు.

మన పద్ధతి నీకు తెలుసుగా. మనిషిని సీట్లో కూర్చోబెట్టి, భుజం ఎత్తుకి తీగ తుంచి మేకుకి తగిలిస్తాను. ఆ కొలతకే బెల్టులు కట్టే అడ్డపైపు అతికిస్తాను. రెండు సీట్ల వెనకా అతికించాక రాజుగారు కూర్చుంటే, పైపు ఆయన చెవుల దాకా వచ్చింది.

"ఏంటండీ బాబాయిగారూ, ఒంటెకి కొలిచారా?" అని నవ్వారు.

ఆయన తీగ మేకుకే ఉంది. నా చేతిలో ఉన్న పొడుగు తీగ నీది. దాన్ని అప్పుడే నీ అస్థికలతో పాటు గోదావరిలో వదిలింది నేనే.

ఆయన వైపు పైపు కోసి దించాను. ఎడమ వైపుది అలాగే ఉంచాను. అటు ఎవరూ కూర్చోరన్నారు.

ఇవాళ ఆ కారు బోల్తా పడిందని మళ్లీ తెచ్చారు. ఆయన ఒంటి మీద గీత కూడా లేదు.

"మీ పంజరమే కాపాడిందండి. కానీ ఆ ఖాళీ సీటుకి బెల్టు ఎవరు పెట్టారండీ? నేను విప్పే ఉంచాను."

ఆ పైపు కూడా దించెయ్యమన్నారు. దించనన్నాను.

ఆయన వెళ్లాక లోపలికి తొంగిచూశాను. బెల్టు పెట్టే ఉంది. నీకు బిగుతుగా ఉందేమోనని కాస్త వదులు చేశాను.

నాన్న