సూరిబాబుకి చెప్పని మాట

గురువారం రాత్రి, నరసాపురం

ఆ సెల్‌ఫోన్ల కంపెనీ మూతపడేలా ఉందని పేపర్లో చదివి, నా షేర్లు పోయిన వారమే అమ్మేశాను. నా మాట నమ్మి కొన్న మా స్కూలు అటెండరు సూరిబాబుకి మాత్రం చెప్పలేదు.

ఇవాళ రేవులో గోదావరి దాటే పంటు ఎక్కబోతుంటే అతనే పలకరించాడు.

"రేటు ఇంకా పడిపోయిందంటండి మాస్టారూ. అవి మా ఆవిడ లేసు అల్లిన డబ్బులండి. మీరు అమ్మలేదు కదండీ?"

"లేదు సూరిబాబూ. ఉంచు, మళ్ళీ పెరుగుతుంది" అన్నాను. నోరెలా వచ్చిందో! నిజం చెబితే స్టాఫ్‌రూములో పరువు పోతుందని భయం, అంతే.

"మీరుంచారంటే నాకు ధైర్యమండి" అన్నాడు.

రేపు చెప్పేయాలి. చెబుతానా...

పంటుకి నా టికెట్టు కూడా తనే తీశాడు. తీయనిచ్చాను.