నైరుతి గోడలో థార్ ఇసుక

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నివాసి, కీర్తిశేషులు అంజిలయ్య గారి కుమార్తె, అవివాహిత, విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్త కొండ్రు లీదియా అనే నేను, అరవై ఎనిమిదో ఏట, తెలివి నిలకడగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న మరణశాసనం ఇది. నా మతి స్థిమితంగానే ఉందని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతపరిచాను. ఈ విషయంలో మా తమ్ముడి అభిప్రాయం వేరు. దాన్ని జతపరచలేదు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం తెస్తే అది చెల్లదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత అడ్వకేటు అమరేందర్ గారికి అప్పగిస్తున్నాను. ఇందులో తిట్లు తీసేస్తే బాగుంటుందని ఆయన సలహా ఇచ్చారు. తిట్లు లేకపోతే ఇది నేను రాసిందని మా వాళ్లు నమ్మరని చెప్పాను. ఒప్పుకున్నారు.

2. నా వృత్తి ఏమిటో మా వాళ్లకు చివరిసారిగా వివరిస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా నేను జైసల్మేర్ అవతల థార్ ఎడారిలో ఇసుక దిబ్బల మీద పనిచేశాను. గాలి దిబ్బను ఎటు తోస్తుంది, ఏడాదిలో ఎంత దూరం జరుపుతుంది అన్నది నా పరిశోధన. దిబ్బ ముందు ఇనుప కడ్డీలు పాతి, మరుసటి ఏడాది వెళ్లి అవి ఎంతవరకు మునిగాయో చూడాలి. వడగాలిలో గుడారం తాళ్లు పట్టుకుని కూర్చుని, పంటి కింద ఇసుక కరకరలాడుతుండగా రొట్టెలు తిన్నాను. అంత సుఖమైన రోజులు నాకు మళ్లీ రాలేదు.

మా వాళ్ల లెక్కలో మాత్రం నేను ఇసుక రీచులు చూసే ఆఫీసరును. పెళ్లిళ్లలో తమ్ముడు నన్ను అలాగే పరిచయం చేసేవాడు. భోజనాలు కాగానే ఎవరో ఒకరు పక్కకు పిలిచి, “మేడం, ఇల్లు మొదలువెట్టినం. జర ఒక లారీ ఇసుక ఇప్పియ్యరాదు?” అని అడిగేవారు. ఇప్పించలేదు. ఆ కోపాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఎవరికీ రాసివ్వడం లేదు.

3. మా శాఖాధిపతిగా పనిచేసిన దయాకర్ గారికి నా ఎడారి కళ్లద్దాలు. ఎడారికి వచ్చినప్పుడల్లా ఆయన జీపు అద్దం దించకుండానే గాలి దిశను నిర్ధారించేవారు. నా వ్యాసాలన్నిటిలోనూ ఆయన పేరే ముందుంటుంది. ఈ అద్దాల నిండా ఇసుక గీసిన గీతలు ఉన్నాయి. పెట్టుకుంటే మా పని ఎలా ఉండేదో ఆయనకు మసకగానైనా కనిపిస్తుంది.

4. పాస్టరు ఇమ్మానుయేలు గారికి ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం చేసేవారికి రాసిచ్చినా చెల్లదని చట్టమట. అందుకే ఆయన్ను సాక్షిగా పెట్టుకున్నాను.

5. ఇక గోడ. రిటైరై వచ్చేటప్పుడు నేను లారీలో వెంట తెచ్చుకున్నవి ఇసుక నమూనాలు. ఒక్కో దిబ్బ ఇసుక ఒక్కో సంచిలో, సంచి మీద దిబ్బ పేరు, ఏడాది. వాటిని నా ఇంటి పెరట్లో రేకుల షెడ్డులో పేర్చాను. మాది యేసును నమ్ముకున్న కుటుంబం. వాస్తును ఇంకొంచెం గట్టిగా నమ్ముకున్నాం. నైరుతి మూల ప్రహరీ ఎత్తుగా, బరువుగా లేకపోతే ఇంటి యజమానికి కలిసిరాదని ఎవరో చెప్పారు. నేను మోకాలి ఆపరేషనుకు హయత్‌నగర్ దవాఖానలో ఉన్న రోజుల్లో మా తమ్ముడు వినోద్ కుమార్ ఆ మూలన మనిషెత్తు దాటిన గోడ లేపాడు. ఇసుక కొనలేదు. నేను చేతికర్రతో ఇంటికి వచ్చేసరికి నా సంచులన్నీ ఉతికి దండెం మీద ఆరేసి ఉన్నాయి. బియ్యం పోసుకోవడానికి పనికొస్తాయట. తమ్ముడు ఎదురొచ్చి, “అక్కా, ఇన్నేండ్లకు నీ ఇసుక ఒక అక్కరకొచ్చింది. జర సంతోషపడు” అన్నాడు.

ఎడారి ఇసుకతో గోడ కట్టకూడదు. గాలికి దొర్లీ దొర్లీ ఆ రేణువులు గుండ్రంగా, నున్నగా అయిపోతాయి. సిమెంటు కలిపినా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఇసుక గురించి ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఏనాడూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఆ గోడ లోపలివైపు ఒరిగింది. వేలితో గీకితే పొడి రాలుతోంది. మధ్యాహ్నం దాటాక దాని నీడ వాకిట్లో పడుతుంది. తమ్ముడి మనవరాలు రూత్, ఐదేళ్ల పిల్ల, సెలవులు కదా, వంట బొమ్మలు పరుచుకుని ఆ నీడలోనే కూర్చుంటుంది. లేపితే ఏడుస్తుంది. కాస్త కన్ను మరలితే మళ్లీ అక్కడే ఉంటుంది.

గోడ తీసేద్దామని తమ్ముణ్ని అడిగాను. “నైరుతి తెరిస్తే ఇల్లు ఆగమైతది. నీ తర్వాత ఇల్లు ఎట్లైనా నాదే గద. నా గోడ ముట్టకు” అన్నాడు. ఈ వీలునామా పుట్టింది ఆ మాటకే.

6. కాబట్టి తమ్ముడి కుటుంబంతో కలిసి నేను ఉంటున్న, నా స్వార్జితమైన ఈ ఇల్లు, ఖాళీ స్థలంతో సహా, నా తదనంతరం తమ్ముడి భార్య నర్మదకు సర్వహక్కులతో చెందుతుంది. గోడ ఒరిగిందని మొదట గమనించింది ఆమే. పిల్ల అటు పోకుండా మంచం అడ్డం వేసింది. తమ్ముడు మంచం తీసేశాడు. ఆమె మళ్లీ వేసింది. నా సంచులు ఉతికింది కూడా ఆమే, కానీ అది మాఫీ చేస్తున్నాను. వినోద్ కుమార్ బతికినన్నాళ్లు ఈ ఇంట్లో ఉండవచ్చు. వేళకు అన్నం, చాయ్ అందాలి. గోడలు కట్టే అధికారం మాత్రం అతనికి లేదు.

7. గాలి వేగం కొలిచే నా మూడు గిన్నెల చక్రం రూత్‌కు. మేడ మీద బిగించాలి. అది గిర్రున తిరిగితే పిల్ల చప్పట్లు కొడుతుంది. నా పరిశోధనకు దక్కిన చప్పట్లు అవే.

8. రాసిన మనిషి పోయాకే వీలునామా చెల్లుతుందని అమరేందర్ గారు చెప్పారు. నాకు ఇంకా చాలా ఆయుష్షు ఉందని డాక్టరు అంటున్నారు. గోడకు లేదు. ఒక్క పెద్ద వాన చాలు. పోయాకైనా నా మాట వింటారని కాగితం రాసిపెట్టి, పిల్లను ఆ నీడలో వదిలేసి నేను కూర్చోలేను. ఈ నిమిషాన ఈ ఇంటికి యజమానిని నేనే.

గోడ పడగొట్టించాలంటే నాకు ప్రాణం ఒప్పడం లేదు. నేను పనిచేసిన ఏళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏ దిబ్బ ఇసుక ఎక్కడ కలిసిందో ఇక ఎవరూ చెప్పలేరు. అయినా పొద్దుటి ఎండలో పెచ్చులూడిన చోట ఆ పసుపు రంగు చూస్తూ చాలాసేపు నిలబడిపోతాను. పడగొట్టాక దాన్ని ట్రాక్టరులో ఎత్తి ఏ గుంతలోనో పోస్తారు. అదంతా పిల్ల కంటే ఎక్కువేమీ కాదు.

రూత్‌ను తీసుకుని నర్మద పొద్దున్నే పుట్టింటికి వెళ్లింది. తమ్ముడు గోడ పక్కన కుర్చీ వేసుకుని, “నన్ను పాతిపెట్టినంకనే ముట్టుర్రి” అంటున్నాడు. పాస్టరు గారు సంతకం చేసి, వెళ్లి అతన్ని లేపి కాఫీకి తీసుకుపోతారు.

ఇబ్రహీంపట్నం, 24 మే 2025.

(సంతకం) కొండ్రు లీదియా

సాక్షులు:
1. ఇమ్మానుయేలు, పాస్టరు
2. ఎల్లేశ్, జేసీబీ డ్రైవరు. బండి గేటు ముందే ఉంది.