కింద తెలుపు, పైన ముదురు

డిసెంబరు 1, సోమవారం

పొద్దున్నే మొదటి ఆశ్చర్యం. దయామణి అక్క జీన్స్ వేసుకోవడానికి ఒప్పుకుంది!

కుళాయి దగ్గర బిందె దించి, సరేలేవే, నీ పోరు పడలేకున్నా, కొందాం పా, అంది. నమ్మలేకపోయాను. పదో తరగతిలోనే చదువు మానేసి వాళ్ళమ్మతో పత్తికీ మిరపకూ కూలికి పోతున్న మనిషి. చుడీదార్ కూడా పండక్కే. నాకు వరుసకు పెద్దమ్మ కూతురు, రెండేళ్ళు పెద్ద. మా చర్చిలో ఆమెకున్న గొంతు ఇంకెవరికీ లేదు. ఈ క్రిస్మస్ ఆరాధనలో సోలో ఆమెదే.

క్యారల్స్‌కు యూనిఫాం చూసే పని యూత్ లీడర్ సాగర్ అన్న నాకిచ్చాడు. ప్రతి ఏడూ ఆడపిల్లలం తెల్లచీరలు కట్టుకుని నర్సుల్లా తిరుగుతాం. ఈసారి అట్ల కాదు. ఫోన్లో ఒక వీడియో చూశాను. తెల్ల జీన్స్ ఎండాకాలానికే అనుకోవడం పొరపాటట. గుడ్డ మందంగా ఉండాలి, పైన ముదురు రంగు పడాలి, అంతే. మెరూన్, నేవీ బ్లూ, బాటిల్ గ్రీన్. కింద లైట్, పైన డార్క్. బ్యాలెన్స్.

అమ్మ మాత్రం, ఈ ఎర్రమన్ను ఊళ్ళో తెల్ల ప్యాంటేందే, ఉతికేదానికి మీ అత్త వస్తాదా, అంది. సంఘ పెద్ద విశ్వాసం తాత, ఆడపిల్లలకు ప్యాంట్లేంది నాయనా అని గొణిగాడు. టాపు మోకాళ్ళ కిందికి దిగుతుందని సాగర్ అన్న ఆయన్ని ఒప్పించాడు.

ఈ రోజు దొరికిన మాట: ముదురు. క్లాసులో తెలుగు సార్ చెప్పారు. డార్క్ అంటే ముదురు, లైట్ అంటే లేత. బెండకాయకు వాడే మాటలే రంగులకూ. మనిషిని ముదురు అంటే గడుసువాడని. ఒక్క మాట ఎన్ని ఇళ్ళల్లో కాపురం చేస్తుందో! మాట దొరికిన రోజు నాకు అన్నం కూడా గుర్తు రాదు.

డిసెంబరు 4, గురువారం

నా కాలేజీ అయ్యే వేళకు అక్క బస్సెక్కి మార్కాపురం వచ్చింది. బస్టాండు దగ్గర దుకాణానికి పోయాం. ఫర్హత్ కూడా వచ్చింది. నా క్లాస్‌మేట్. మెరూన్ టాపులు కుట్టేది వాళ్ళ నాన్న కరీముల్లా గారే.

అక్క ట్రయల్ రూంలోకి పోయి ఎంతకీ బయటికి రాదు. తలుపు సందులో తల పెట్టాను. తెల్ల జీన్స్ వేసుకుని అద్దంలో తనను తాను ఎవరినో చూసినట్టు చూసుకుంటోంది. నిజం చెప్పు హెప్సీ, నేను నలుపు గదా, తెలుపేస్తే ఇంకా నల్లగా కనపడనా, అంది. ఇంకా గొంతు తగ్గించి, ఇస్కూల్లో నన్ను పలకా పలకా అని పిలిచేటోళ్ళు, అమ్మకు గూడా చెప్పలా, బడి మానేసింది సగం దానికే, అంది.

మా దగ్గర పలకంటే నల్లరాతి పలకే. నేనెప్పుడూ ఆ పిలుపు వినలేదు.

అక్కా, అక్షరం తెల్లగా కనపడేది పలక మీదనే గదా, అన్నాను.

అక్క నావైపు తిరిగి, ఎట్ల వస్తాయే నీకు ఈ మాటలు, అని నవ్వింది. బయటికొచ్చి ఫర్హత్ ముందు ఒకసారి గిర్రున తిరిగింది కూడా. నిజంగా బాగుంది. మందం గుడ్డ, చలికి ఇది మేలే, అంది.

పలక వాక్యం నాకు భలే నచ్చింది. ఎక్కడైనా వాడాలి.

డిసెంబరు 7, ఆదివారం

ప్రాక్టీసు. అందరం యూనిఫాంలో. చర్చి ముందు వరసగా నిలబడితే రోడ్డున పోయే ఆటోలు ఆగి చూశాయి. మెరూన్ గుడ్డ తక్కువై అక్క టాపు ఒక్కటి కుట్టలేదని కరీముల్లా గారు కబురు పంపారు. తెల్ల జీన్స్ మీద పాత గంధం రంగు టాపు వేసుకుని వచ్చింది అక్క.

సాగర్ అన్న చూసి, ఏంది హెప్సీ, కింద లేత, పైన ముదురు అంటివి, మరి దయామణికి బ్యాలెన్స్ ఎట్ల, అన్నాడు.

ఆలోచించకుండానే వచ్చేసింది నాకు. అక్కకు టాపెందుకన్నా, పైన ముదురు దేవుడే కుట్టి పంపినాడు గదా, కింద తెలుపుంటే చాలు, బ్యాలెన్స్ ఐపాయె, అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. డ్రమ్ము వాయించే శ్యాంసన్ డబడబా రెండు దెబ్బలు కూడా వేశాడు. సాగర్ అన్న, నువ్వు టీవీలో ఉండాల్సినదానివే, అన్నాడు. అక్క కూడా నవ్వింది. తర్వాత మేకలకు మేత వేయాలని ముందే వెళ్ళిపోయింది.

దేవుడే కుట్టి పంపడం! ఎక్కడి నుంచి వస్తాయో నాకు.

డిసెంబరు 8, సోమవారం

అక్క నవ్వింది. కానీ అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వింది.

డిసెంబరు 11, గురువారం

బస్సు కోసం నిలబడి ఉన్నాను. పత్తికి పోయే ఆటో వచ్చింది. ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. చివర్లో అక్క. టీ కొట్టు దగ్గర శ్యాంసన్, ఏం బ్యాలెన్సక్కా, రీచార్జ్ అయిందా, అని అరిచాడు. పక్కనున్నవాడు, మెయిన్ బ్యాలెన్సా, నెట్ బ్యాలెన్సా, అన్నాడు. ఆటోలో వాళ్ళకు అర్థం కాలేదు. అయినా నవ్వారు.

అక్క టవలు ముక్కు మీదికి లాక్కుంది. నావైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేదాన్ని? నేనూ చూపు తిప్పుకుని ఉండేదాన్ని.

ఆ పేరు పెట్టింది శ్యాంసన్ కాదు. వాడు మోస్తున్నాడంతే.

డిసెంబరు 14, ఆదివారం

అక్క ఆరాధనకు వచ్చి ప్రాక్టీసుకు రాలేదు. సోలో ఎట్ల హెప్సీ, నువ్వే పోయి పిల్చుకురా, అన్నాడు సాగర్ అన్న. కరీముల్లా గారు పంపిన టాపు తీసుకుని వెళ్ళాను. అక్క వాళ్ళమ్మ రేచల్ పెద్దమ్మ గడపలోనే అందుకుని, పండుకున్నాదిమ్మా, వొళ్ళు నొప్పులంట, అంది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తిరిగొస్తూ శ్యాంసన్‌ను ఆపి ఆ పేరు పిలవొద్దన్నాను. నువ్వు అంటే జోకు, మేమంటే తప్పా, అన్నాడు. ఇంటిదాకా జవాబు వెతుక్కుంటూ నడిచాను. నేను!

డిసెంబరు 15, సోమవారం

నలుపుకు ఎన్ని మాటలున్నాయో లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. అన్నీ బాగున్నాయి. నేను అన్నది వాటిలో లేదు.

డిసెంబరు 18, గురువారం

దారి దొరికింది. సాక్ష్యం చెబుతాను.

ఆదివారం పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పేముందు ఎవరికైనా సాక్ష్యముందా అని అడుగుతారు. దేవుడు చేసిన మేలో, తాము చేసిన తప్పో, ఎవరైనా లేచి మైకులో చెప్పొచ్చు. నేనెప్పుడూ లేవలేదు. ఈసారి లేస్తాను. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. న్యాయం అదే కదా.

రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. మొదటి వాక్యం కుదిరింది. పలక వాక్యం చివర్లో పెడితే బాగా నిలబడుతుంది.

డిసెంబరు 21, ఆదివారం, మధ్యాహ్నం రెండు

చెప్పేశాను! నా జోకు చెప్పాను, అది ఎందుకు తప్పో చెప్పాను. అక్క ట్రయల్ రూంలో పడ్డ బాధ చెప్పాను. పలక అనే పేరు మోసి బడి మానేసిన ఒక ఆడపిల్లకు, సొంత చెల్లెలి లాంటి నేను ఇంకో పేరు పెట్టానని చెప్పాను. అక్షరం తెల్లగా కనపడేది పలక మీదనే అని ముగించాను. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ కూడా. విశ్వాసం తాత హల్లెలూయా అన్నాడు. గిద్దలూరు నుంచి వచ్చిన చుట్టాలు, ఈ పాప ఎవరు, ఏం చదువుతాది, అని అడిగారట.

అయ్యగారు, ఇంత చక్కని తెలుగు ఈ మధ్య వినలేదమ్మా, అన్నారు. తర్వాత అక్కను ముందుకు పిలిచారు. అమ్మా దయామణీ, చెల్లెలిని క్షమించినానని సంఘం ముందు చెప్పు తల్లీ, అన్నారు. అక్క వచ్చింది. మైకు పట్టుకుంది. క్షమించినా, అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కావలించుకున్నాను.

గుండె తేలికైంది. ఇక సోలో పాడుతుంది.

అదే రోజు, సాయంత్రం

కావలించుకున్నప్పుడు అక్క చేతులు పక్కకే వేలాడుతున్నాయి. ఇప్పుడు గుర్తొస్తోంది.

రేచల్ పెద్దమ్మ ముఖం కూడా. ఆమె ఏడవలేదు. బడి మాట వచ్చినప్పుడు కూతురివైపు తిరిగి, అట్లే ఉండిపోయింది. ఆమెకు తెలియదు. అమ్మకు గూడా చెప్పలా అని అక్క అన్నది నాకొక్కదానికే. నేను దాన్ని మైకులో చెప్పాను. వాక్యం బాగా వచ్చిందని, అందుకే చెప్పాను.

ఇందాక దుకాణానికి పోతుంటే చిన్నపిల్లలు గోడ మీద కూర్చుని పలకా బలపం, పలకా బలపం అని పాట కట్టి ఊగుతున్నారు. పలక ఎవరో వాళ్ళకు తెలుసు. బలపం నేనేనట.

డిసెంబరు 23, మంగళవారం

కాలేజీ నుంచి వస్తూ పెద్దారవీడు దాటాక బస్సు కిటికీలోంచి అక్కను చూశాను. రోడ్డు పక్క చేలో పత్తి ఏరుతోంది. దిగిపోయాను.

పైన వాళ్ళ నాన్న పాత చొక్కా, కింద తెల్ల జీన్స్. మోకాళ్ళు ఎర్రమన్ను పట్టి, పాదాల దగ్గర ఎండిన పత్తికాయలు గీరి, ఇక ఏ సబ్బుకూ లొంగని రంగుకు వచ్చింది. నేను దాన్ని చూడటం చూసి, పొద్దున్నే మంచు జాస్తి, ఇది మందం గదా, అంది. ఎగతాళి లేదు, కోపం లేదు. ఏరడం ఆపలేదు.

అక్కా, క్రిస్మస్‌కు రా, అన్నాను. రాను, అంది. క్షమించినావు గదా, అన్నాను. ఎందుకన్నానో.

అప్పుడు చెయ్యి ఆగింది. నువ్వు నన్ను అడిగినావా హెప్సీ, అంది. సంఘాన్ని అడిగినావు, అయ్యగారిని అడిగినావు, నన్ను ఎప్పుడడిగినావు? అంతమందిలో నిలబెట్టి చెప్పు తల్లీ అంటే లేదని ఎట్లంటా? లేదనేదానికి నాకు సందెక్కడ పెట్టినావు?

నేను ఏదో మొదలుపెట్టబోయాను. వద్దులే, నీకు మాటలు బాగా వస్తాయి, నాకు రావు, నీతో నేను గెలవను, అంది. ఒడిలో పత్తి సర్దుకుని, ఆ రోజు అందరూ నవ్వింది ఒకటి మర్చిపోయేదాన్నేమో, అమ్మ మాత్రం రెండ్రోజుల్నుంచి అన్నం తినడంల్యా, ఇన్నేళ్ళు నా కడుపున పుట్టిందాని బాధ నాకు తెలీకపాయెనే అని ఒకటే పోరు, అంది.

వెనక సాళ్ళలోంచి రేచల్ పెద్దమ్మ, ఎవురే అది, అని కేకేసింది. ఎవరూ లేరులేమ్మా, అంది అక్క. మళ్ళీ ఏరడంలో పడింది.

ఇంటికి నడిచి వచ్చాను. అక్క అన్నదాంట్లో ఒక్క పెద్ద మాట లేదు. అన్నీ రోజూ వాడేవే. ఒక్కటీ మరిచిపోలేకపోతున్నాను.

డిసెంబరు 25, గురువారం

సోలో లేదు. ఆ చోట సాగర్ అన్న ఫోన్లో ట్రాక్ పెట్టాడు. స్పీకర్ మధ్యలో గరగరమంది. నేను వరసలో మొదట నిలబడ్డాను, కింద తెలుపు, పైన మెరూన్. ఫొటోలో చాలా బాగా వచ్చామని అందరూ అన్నారు. బాగానే వచ్చాం. ఎవరూ తక్కువైనట్టు కనపడదు. మధ్యలో ఖాళీ లేకుండా దగ్గరగా జరిగి నిలబడ్డాం.

డిసెంబరు 26, శుక్రవారం

అక్కకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యం చాలా బాగా వచ్చింది. చించేశాను.

డిసెంబరు 28, ఆదివారం

పత్తికి మనుషులు తక్కువైనారని రేచల్ పెద్దమ్మ అమ్మతో అంది. సెలవులే కదా, నేనొస్తానన్నాను. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, ఎండకు నల్లబడతావు, అంది. పర్లేదన్నాను. సరే రా, అంది.

రేపు ఆరింటికి ఆటో. నాన్న చొక్కా తీసి పెట్టుకున్నాను. సద్ది, నీళ్ళసీసా, టవలు.

చేలో దిగాక ఒక్కటే అడగాలి. అక్కా, నీ పక్క సాలు పట్టుకోనా, అని. ఎవరూ వినకుండా. వద్దంటే, దూరంగా ఆ చివరి సాలు పట్టుకుంటాను.